పహరా పచ్చగానే వెలిగింది

లాకప్‌లో ఉన్న మనిషి నేరం ఒప్పుకుని అప్పటికి ఒక పూట గడిచింది. ఒప్పుకున్న మనిషి ముఖంలో బరువు దిగిన జాడ ఎక్కడో ఒకచోట కనిపిస్తుంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో టీచరమ్మ అది చూడని నేరస్థుడు లేడు. ఈయనలో మాత్రం ఆ జాడ లేదు. కటకటాల వెనక సిమెంటు అరుగు మీద కూర్చుని కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తున్నాడు, పెట్టుకుంటున్నాడు, మళ్ళీ తీస్తున్నాడు. అంతగా తుడవాల్సిన మురికి ఆ అద్దాల మీద లేదు.

టీచరమ్మ పాఠాలు చెప్పే మనిషి కాదు. ఆరోగ్య శాఖ తరఫున ఆస్పత్రుల్లో జరిగిన రెండు చావుల మీద వేసిన ప్రత్యేక విచారణాధికారి. అంతకుముందు పోలీసు శాఖలో చేసింది. చెప్పిందే మళ్ళీ చెప్పించి, తేడా వచ్చిన చోట ఆపి, కాపీ దిద్దినట్టు దిద్దుతుందని అక్కడే ఆ పేరు పెట్టారు. పేరు ఆమెతోపాటే శాఖ మారింది.

కేసు రెండు ముక్కల్లో చెప్పగలిగేదే. ఆస్పత్రుల్లో పడక పక్కన మందు ఎక్కించే పంపులుంటాయి. ఏ రోగికి ఎంత ఎక్కించాలో వార్డుకు చెప్పేది ఒక కంపెనీ నడిపే మందుల సాఫ్ట్‌వేర్. ఇన్నాళ్ళూ అది అంకెనూ కొలతనూ కలిపి ఒకే గడిలో, యాభై మైక్రోగ్రాములు అని పంపేది. కొత్త వెర్షన్‌లో అంకెను ఒక గడిలో, కొలతను ఇంకో గడిలో పెట్టారు. వార్డుల్లో ఉన్న పాత ప్రోగ్రాములకు రెండో గడి ఒకటుందనే తెలియదు. అవి యాభై అన్న అంకె మాత్రం చదువుకుని, కొలత కనబడకపోయేసరికి మిల్లీగ్రాములే కాబోలు అనుకున్నాయి. మోతాదు వెయ్యి రెట్లయింది. చిన్న ఆపరేషన్ చేయించుకుని మర్నాడు ఇంటికి పోవలసిన బస్సు కండక్టరమ్మ ఒక ఆస్పత్రిలో, ఈత నేర్పే కోచ్ ఒకతను ఇంకో ఆస్పత్రిలో, నొప్పి తెలియకుండా ఇచ్చిన మందుతోనే పోయారు.

ఇలాంటిది జరగకుండా చూడడానికే ఆ కంపెనీ పహరా అనే పనిముట్టును కొనుక్కుంది. పాత వెర్షన్‌నీ కొత్త వెర్షన్‌నీ పక్కపక్కన పెట్టి సరిచూడడం దాని పని. పాతవాటికి అర్థం కాని మార్పు ఉంటే ఎర్రగా వెలుగుతుంది, లేకపోతే పచ్చగా. ఎర్రగా వెలిగిన వెర్షన్ ఆఫీసు గడప దాటకూడదు. ఆ పహరా పనికొస్తుందో లేదో కొనకముందే పరీక్షించి, కొనమని చెప్పినవాడు ఈ పెద్దాయన. తర్వాత దాని బాగోగులూ ఆయనకే అప్పగించారు. ఆఫీసులో అందరికంటే వయసులో పెద్దవాడు, అందరూ కళ్ళజోడు అనే పిలుస్తారు.

టీచరమ్మ ఆయన ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది. ముందు పహరా గురించే అడిగింది. అది ఎలాంటిదని అడగగానే, పరీక్షకు వెళ్ళొచ్చిన కొడుకు గురించి అడిగినట్టు ఆయన తలెత్తాడు. మూడు నెలలు దాన్ని మోసం చేయడమే పనిగా పెట్టుకున్నానన్నాడు. గడి పేరులో ఒక్క అక్షరం మార్చి చూశాడట. అంకె ఉండాల్సిన చోట మాట పెట్టాడట. తప్పనిసరిగా ఉండాల్సినదాన్ని ఉంటే ఉంటుంది లేకపోతే లేదు అన్నట్టు మార్చాడట. ఏ దొంగదారిన వెళ్ళినా అది కాలరు పట్టుకుని ఆపిందని చెప్పాడు. చెబుతున్నంతసేపూ గొంతులో ఎక్కడో కాస్త ప్రాణం ఉంది. అంతలో తనెక్కడున్నదీ గుర్తొచ్చి ఆగిపోయాడు.

"మరి కొత్త వెర్షన్ పంపిన రోజు తెర మీద ఏ రంగు వచ్చింది?" అంది టీచరమ్మ.

"ఎరుపేనండీ."

"ఎరుపు వస్తే?"

"నేనే పక్కకి నెట్టి పంపించేశాను. పని ఆలస్యమవుతోందని అందరూ నెత్తినెక్కి కూర్చున్నారు. బుద్ధి గడ్డి తింది."

టీచరమ్మ మళ్ళీ చెప్పించింది. ఆయన అదే మాట, అదే వరసలో, నేర్చుకున్న పద్యంలా అప్పజెప్పాడు. ఆ వెర్షన్‌కు పహరా ఏ రంగు చూపిందో కంపెనీ సర్వరులో ఆమె పొద్దున్నే చూసి వచ్చింది. పచ్చ. ఎరుపు రానే లేదు. తను చేశానంటున్న నేరం ఎలా జరిగిందో ఈ మనిషికే తెలియదు.

వాంగ్మూలంలో ఒక పేజీ మీద సంతకం మిగిలిపోయిందని కానిస్టేబులు కాగితం తెచ్చి ఊచల మధ్య నుంచి అందించాడు. పెద్దాయన దాన్ని కళ్ళజోడుతోనే ముక్కుకు ఆనించుకున్నాడు, దూరం జరిపాడు, మళ్ళీ దగ్గరకు తెచ్చాడు. చివరికి గీత ఎక్కడుందో వేలితో తడుముకుని సంతకం పెట్టాడు. చదవకుండానే పెట్టాడు.

టీచరమ్మ లేచేటప్పుడు ఆయన ఒక్కటే అడిగాడు.

"మా అమ్మడు తిందో లేదో కాస్త కనుక్కుంటారా అమ్మా?"

అమ్మడు ఆయన తమ్ముడి కూతురు. తమ్ముడు పోయాక ఆయన ఇంట్లోనే పెరిగింది, ఆయన చేసే కంపెనీలోనే ప్రోగ్రామరుగా చేరింది. కనుక్కుంటానని చెప్పి టీచరమ్మ బయటికి వచ్చింది.

బయట బెంచీ మీద కండక్టరమ్మ మొగుడు కూర్చుని ఉన్నాడు. రోజూ వస్తున్నాడట. ఏమీ అడగడు, ఎవరి మీదా కేకలు వెయ్యడు. ఆమె వైపు చూసి లేచి నిలబడ్డాడు, అంతే. దోషి దొరికాడని అతనికి అప్పటికే చెప్పేశారు. ఆ మాట అతనికి ఏ విధంగానూ పనికి రాలేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. టీచరమ్మ తలవంచుకుని మెట్లు దిగింది.

కంపెనీ ఆఫీసులో పెద్దాయన కూర్చునే సీటు కిటికీ వారగా, ఒక మూల ఉంది. దాని చుట్టూ పోలీసు టేపు కట్టారు. ఆ టేపుకు ఇవతల టేబుల్ మీద ఒక కాలు వేలాడేసుకుని ఇన్‌స్పెక్టరు కూర్చుని ఉన్నాడు. శాఖలో అతన్ని ఫటాఫట్ అంటారు. ఏ కేసైనా చేతికొచ్చిన వారంలో మూసేస్తాడు. ఒకప్పుడు టీచరమ్మ కింద పనిచేసినవాడే, ఇప్పుడు ఆమె ఫోను చేస్తే రెండోసారికి గాని ఎత్తడు.

ఒప్పుకోలు చేతిలో ఉండగా ఇంకా ఏం వెతుకుతున్నారని అడిగాడు. సాయంత్రం పత్రికల వాళ్ళను పిలిచానని, ఈలోగా కొత్త గొడవేదీ లేపొద్దని చెప్పాడు. కంపెనీ మేనేజరు స్వయంగా ఆస్పత్రుల చుట్టూ తిరిగి అంతా సరిచేశామని ధైర్యం చెబుతున్నాడని కూడా అన్నాడు. టీచరమ్మ అతని మాటకు అడ్డు రాకుండా విని, టేపు కింద నుంచి వంగి లోపలికి వెళ్ళింది. అరెస్టు చేసినప్పటి నుంచీ సీటును ఎవరైనా ముట్టుకున్నారా అని మాత్రం అడిగింది. ఈగ కూడా వాలలేదన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆయన్ను ఇంటి దగ్గర పట్టుకున్నారు, ఆ వెంటనే ఇక్కడ టేపు కట్టారు.

ఆమె కుర్చీలో కూర్చుంది. కుర్చీ బాగా పైకి లేపి ఉంది. పొట్టిగా ఉండే టీచరమ్మకే మోకాళ్ళు హాయిగా ఉన్నాయి. లాకప్ గుమ్మంలో తల వంచుకుని నిలబడే ఆ పొడుగాటి మనిషి ఇందులో కూర్చుంటే తొడలు టేబుల్ అంచుకు ఒరుసుకుపోవాలి. తెర వెలిగించి చూసింది. అక్షరాలు చీమల బారులా సన్నగా ఉన్నాయి. ఆమే ముందుకు వంగి కళ్ళు చికిలించాల్సి వచ్చింది.

"కాగితం మీద ఇంత లావు గీత కనబడక వేలితో తడుముకున్నాడు ఆయన. ఈ అక్షరాలు ఆయనవి కావు," అంది.

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. "ఒప్పుకున్నవాణ్ణి పట్టుకుని ఎందుకు ఒప్పుకున్నావని అడిగేది ఈ లోకంలో మీరొక్కరే మేడమ్. అక్షరాలు ఎవరైనా చిన్నవి చేసుకోవచ్చు."

"అదే నేనూ అంటున్నాను. ఎవరో చేసుకున్నారు."

అతని నవ్వు సగంలో ఆగింది. వెంటనే గొంతు పెంచాడు. ఆమె ఇంకా తన అధికారే అనుకుంటోందని, ఇది ఆరోగ్య శాఖ వార్డు రౌండు కాదని, తను ఫైలు పంపించేశాక ఆమె నివేదికను చెత్తబుట్ట కూడా చదవదని అన్నాడు. టీచరమ్మకు కోపం రాలేదు. ఈ మధ్య ఆమెకు కోపం రావడం మానేసింది, దాని బదులు నీరసం వస్తోంది. పహరా నడపడం పెద్దాయన కాక ఇంకెవరికి వచ్చో వాళ్ళను పిలవమని చెప్పింది. అది వచ్చినవాళ్ళు ఆఫీసంతటికీ ఒక్కరే ఉన్నారు.

అమ్మడు వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో. జుట్టు దువ్వుకోలేదు, చున్నీ చివర మెలిపెట్టి మెలిపెట్టి తాడులా చేసింది. కూర్చోమంటే కుర్చీలో కూర్చుంది. ఎత్తు సవరించుకోలేదు. పాస్‌వర్డు ఏమిటని ఎవర్నీ అడగలేదు, వేళ్ళు వాటంతటవే కొట్టాయి. ఆ చీమల బారును తీరిగ్గా వెనక్కి ఆనుకుని చదివింది.

టీచరమ్మకు ఆ క్షణమే అంతా తెలిసిపోయింది. తెలిసినందుకు కించిత్తు కూడా సంతోషం కలగలేదు. మీ పెదనాన్న నువ్వు తిన్నావో లేదో కనుక్కోమన్నారని చెప్పింది. అమ్మడు పెదవి బిగపట్టి తల అడ్డంగా ఊపింది.

"ఒక పని చెయ్యమ్మా. ఎవరికీ పంపకుండా, మందుల సాఫ్ట్‌వేర్‌కి ఒక నకలు తియ్యి. అందులో కొలత గడి పూర్తిగా తీసెయ్యి. తీసేసి పహరాకి చూపించు."

అమ్మడు చెప్పినట్టే చేసింది. తెర మీద చిన్న చక్రం తిరిగి తిరిగి ఆగింది. పహరా పచ్చగా వెలిగింది.

"ఇప్పుడు మోతాదు గడి కూడా తీసెయ్యి."

పచ్చ.

"రోగి పేరు తీసెయ్యి."

పచ్చగానే వెలిగింది.

ఇన్‌స్పెక్టరు టేబుల్ దిగి తెర దగ్గరకు వచ్చాడు. కంప్యూటర్ల గురించి ఓనమాలు రాకపోయినా ఇది అర్థం కానివాడు ఉండడు. ఏ రోగికో, ఎంత మందో చెప్పని మందుల చీటీని చూసి కాపలావాడు బాగుంది వెళ్ళమంటున్నాడు. ఇదేమిటి, ఇది పాడైపోయిందా అని అడిగాడు.

పాడు కాలేదని టీచరమ్మ చెప్పింది. పెద్దాయన మూడు నెలలు పరీక్షించిన మాటే నిజమైతే, దాని పని అది ఇప్పటికీ బాగానే చేస్తోంది. రెండింటిని పక్కపక్కన పెట్టి తేడా ఉందా అని చూస్తోంది. కాకపోతే ఏ రెండింటిని అన్నదే ప్రశ్న. పాతది అని దానికి దేన్ని చూపించారో చదవమని అమ్మడిని అడిగింది.

అమ్మడు చదవకపోయేసరికి టీచరమ్మే వంగి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. పాత వెర్షన్ చిరునామా ఉండాల్సిన చోట కూడా, అప్పటికప్పుడు చూపిస్తున్న కొత్తదాని చిరునామాయే ఉంది. ఏది ముందు పెట్టినా పహరా దాన్ని దానితోనే పోల్చుకుంటోంది. దేన్ని చూపించినా దానికి తేడా ఎక్కడ కనిపిస్తుంది?

"ఎవరు మార్చమన్నారు తల్లీ?" అంది టీచరమ్మ. ఎవరు మార్చారని అడగలేదు.

అమ్మడు జరిగింది చెప్పింది. పహరాను తమ దగ్గరా వాడదామని వేరే కంపెనీ వాళ్ళు చూడడానికి వచ్చిన రోజు అది. కొత్త వెర్షన్ పెడితే ఎర్రగా వెలుగుతూనే ఉంది. అతిథుల ముందు పరువు పోతుందని, ఈ ఒక్క పూటకీ పచ్చగా కనిపించేలా ఏదో ఒకటి చెయ్యమని మేనేజరు బతిమాలాడు. దాన్ని మార్చే అధికారం పెదనాన్న సీటుకే ఉంది. ఆయన కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళాడు. పాస్‌వర్డు ఆయనకు పెట్టిందే తను. కూర్చుంది, మార్చింది. వచ్చినవాళ్ళు చూసి మెచ్చుకుని వెళ్ళారు. అంతలో కళ్ళలో చుక్కలు వేయించుకుని పెదనాన్న గుమ్మంలో దిగాడు, చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళింది. రేపు సరిచేద్దామనుకుంది. ఆ రేపటికి మేనేజరు, వాళ్ళు మళ్ళీ వస్తారు ఉండనివ్వమన్నాడు. అప్పటి నుంచీ చూపు ఆనని పెదనాన్న బదులు ఆ సీట్లో తనే కూర్చుంటోంది, కానీ ఆ సంగతే ఎవరికీ గుర్తు లేదు. ఆ కొత్త వెర్షన్ పచ్చగా వెలిగి, దర్జాగా గడప దాటి వెళ్ళిపోయింది.

"పెదనాన్నకి నేను చెప్పలేదండీ. ఎప్పుడు కనిపెట్టారో తెలీదు. పోలీసులు వచ్చినప్పుడు నా వైపు ఒక్కసారి చూశారు. నేనే అని నేను అనేలోపే ఆయన అనేశారు." చున్నీ చివర మళ్ళీ మెలిపెట్టింది. "నన్ను పెంచినాయన. నోరు మూసుకుని నిలబడ్డాను."

ఇన్‌స్పెక్టరు అప్పటికే తేరుకున్నాడు. మంచిదే, ఇద్దర్నీ లోపలేస్తాను, మేనేజరును కూడా కలిపి ముగ్గురు అన్నాడు. సాయంత్రం పత్రికల వాళ్ళకు చెప్పడానికి ఇంకా బాగుంటుందన్న ఆలోచన అతని కళ్ళలో కదలడం టీచరమ్మ చూసింది. అబద్ధం చెప్పి లోపల కూర్చున్న ముసలాయన్ని బయటికి తేవాలంటే ఈ పిల్లను లోపలికి పంపాలి. ఆ ముసలాయన అందుకోసం తనకు జన్మలో కృతజ్ఞత చెప్పడు. కండక్టరమ్మ మొగుడు రేపు కూడా ఆ బెంచీ మీదికే వస్తాడు. ఎవరి చేతిలోనూ కత్తి లేదు, ఎవరికీ పగ లేదు. ఒక పూట పరువు కోసం చేసిన పని.

వెళ్దామని లేవబోతూ ఆమె ఆగింది. ఇన్‌స్పెక్టరు ఇందాక అన్న మాట ఒకటి ఎక్కడో పంటి కింద రాయిలా తగిలింది. మేనేజరు ఆస్పత్రుల చుట్టూ తిరిగి అంతా సరిచేశామని చెబుతున్నాడు. ఏం సరిచేశారని అమ్మడిని అడిగింది.

రెండు గడుల పద్ధతి తీసేసి, మళ్ళీ పాతలాగే అంకె, కొలత కలిపి ఒకే గడిలో పంపేలా ఈ రోజు పొద్దున మార్చేశారట. పెద్దవాళ్ళ నుంచి ఒత్తిడి వచ్చి హడావిడిగా చేశారు. పంపబోయే ప్రతి వెర్షన్‌నీ సర్వరు దానంతటదే పహరాకు చూపిస్తుంది, దీన్నీ చూపించింది.

"ఏ రంగు వచ్చింది?"

అమ్మడు తెర మీది పచ్చ రంగు వైపు చూసింది.

పాత పద్ధతికే వెళ్ళారుగా, ఇంక భయమేమిటని ఇన్‌స్పెక్టరు విసుక్కున్నాడు. టీచరమ్మ అతని వైపు చూడలేదు. చావులు బయటపడినప్పటి నుంచి ఈ పొద్దుటి దాకా ఆస్పత్రులకు కంపెనీ ఏం చెప్పిందని అడిగింది. అమ్మడు చెప్పడం మొదలుపెట్టి, సగంలోనే ఎక్కడికి పోతోందో గ్రహించి తెల్లబోయింది. వార్డు ప్రోగ్రాములను వెంటనే రెండు గడులు చదివేలా మార్చుకోండి అని కంపెనీయే అందరికీ చెప్పింది. కొందరు ఇంకా మార్చుకోలేదు, వాళ్ళకు ఫరవాలేదు. కొందరు భయపడి నిన్నటికి నిన్న మార్చుకున్నారు. ఇప్పుడు వాళ్ళ ప్రోగ్రాములు కొలత కోసం రెండో గడి చూస్తాయి. అక్కడ ఏమీ ఉండదు. మొదటి గడిలో అంకె మాత్రం తీసుకుని, కొలత కనబడకపోతే...

"మిల్లీగ్రాములు," అంది అమ్మడు. ఆ మాట ఆమె నోట్లో నుంచి గాలిలా వచ్చింది.

చెప్పిన మాట విన్న ఆస్పత్రులన్నీ ఇప్పుడు ఆ గండంలో ఉన్నాయి. ఎన్ని మార్చుకున్నాయో కంపెనీలో ఎవరికీ తెలియదు. మేనేజరు ఫోను ఎత్తడం లేదు. ఇన్‌స్పెక్టరు ఈసారి వాదించలేదు, అతని తొందర మొదటిసారి పనికొచ్చింది. కంట్రోల్ రూముకు ఫోను చేసి ఆస్పత్రుల నంబర్లన్నీ ఇమ్మని అరుస్తూ వరండాలోకి పరిగెత్తాడు. అమ్మడు ఒక ఫోను, టీచరమ్మ ఒక ఫోను అందుకున్నారు.

మొదటి ఆస్పత్రిలో ఇంకా పాత ప్రోగ్రామే ఉంది. అక్కడ ఏ ప్రమాదమూ లేదు. రెండో ఆస్పత్రిలో ఫోనెత్తిన నర్సు గొంతు ఉత్సాహంగా ఉంది. కంపెనీ చెప్పిన మార్పు నిన్ననే చేసుకున్నామని, ఆ విషయంలో తమ వార్డే ముందని చెప్పింది. మందు పంపులన్నీ ఉన్నపళాన ఆపమని, ఎందుకని అడగొద్దని టీచరమ్మ చెప్పింది. అవతల ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడైంది. చెప్పులు టపటపలాడుతూ దూరమయ్యాయి. ఎవరో ఎవరినో పిలిచారు. ఇంకెవరో పరిగెత్తారు.

టీచరమ్మ ఫోను చెవికి ఆనించుకుని నిలబడింది. పక్కనే అమ్మడు మూడో నంబరు కొట్టి ఎదురుచూస్తోంది. అది మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తడం లేదు.

నర్సు మళ్ళీ ఫోను దగ్గరకు వచ్చింది. ఇందాకటి గొంతు కాదు.

"ఆపేశాం మేడమ్. కిటికీ దగ్గర పడక మీద ఆయన... మధ్యాహ్నం నుంచీ పలకలేదు." ఆమెకు ఊపిరి అందడం లేదు. "నొప్పి తగ్గి నిద్రపోయారనుకున్నాం."